గడప మీద నిలబడొద్దు

మాది కడపలో పాత ఇల్లు. నేలంతా నల్లటి కడప బండలు, తలవాకిలి గడప మాత్రం వేపచెక్కది. దాని మీద ఎవరినీ కాలు పెట్టనివ్వరు. అయినా తాతల కాలం నుంచి తుడిచి తుడిచి నడుమ కాస్త అరిగి, చిన్న పల్లంలా అయింది. శుక్రవారం తెల్లవారుజామున మా అమ్మ మొదటి పని ఆ గడప దగ్గరే ఉండేది. తడిగుడ్డతో తుడిచి, గిన్నెలో పసుపు చిక్కగా కలిపి, నాలుగు వేళ్లతో ఈ చివర నుంచి ఆ చివరకు రాసేది. పల్లం దగ్గరకు వచ్చేసరికి చెయ్యి నెమ్మదించేది. అక్కడ రెండోసారి రాసేది. పసుపు ఆరాక కుంకుమ బొట్లు, వాటి మధ్య బియ్యప్పిండి చుక్కలు, రెండు మూలలా రెండు పూలు. మోకాళ్ల నొప్పులున్నా ఆ పని ఇంకొకరికి ఇచ్చేది కాదు.

మూడేళ్ల కిందట అలాంటి ఒక శుక్రవారం నేను ఆ గడప మీద నిలబడి ఫోన్ మాట్లాడుతున్నాను. బెంగళూరులో ఉద్యోగం పోయి అప్పటికి నాలుగు నెలలు. ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. వీధిలో ఎవరడిగినా 'వర్క్ ఫ్రమ్ హోమ్' అనేవాణ్ణి. బజారుకు పోయినా కంపెనీ పేరున్న బ్యాగు భుజాన వేసుకునే పోయేవాణ్ణి. మళ్లీ బెంగళూరు పోవాలా, హైదరాబాదులో కోచింగ్‌లో చేరి గ్రూప్స్ రాయాలా, ఇక్కడే ఏదైనా మొదలుపెట్టాలా? రాత్రి ఒకటి అనుకుంటే పొద్దునకు అది తప్పనిపించేది. నిద్ర లేదు, ఆకలి లేదు, ఎవరి ఫోన్ వచ్చినా టెన్షన్.

అమ్మ వంటింట్లోంచి చూసింది. "గడప మీంద నిలబడాకు నాయనా. లోపలికన్నా రా, బయటికన్నా పో" అంది.

చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేని మాట. అమ్మ చెప్పింది పసుపు చెరిగిపోతుందనే. నాకు మాత్రం ఆ మాటలో నా నాలుగు నెలలూ కనిపించాయి. కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అమ్మ ఇంకేమీ అనకుండా పళ్లెంలో ఉగ్గాని పెట్టి పిలిచింది. తిన్నాను. చాలా రోజుల తర్వాత రుచి తెలిసింది.

గడప మీద ఎందుకు నిలబడకూడదంటే లక్ష్మీదేవి ఉండే చోటు అంటారు. నరసింహస్వామి హిరణ్యకశిపుణ్ణి గడప మీదే సంహరించాడని కూడా చెబుతారు. ఇంటి లోపలా బయటా చావు లేకుండా వరం తెచ్చుకున్న రాక్షసుడికి ఆ రెండూ కాని చోట స్వామి ఎదురయ్యాడు. అహోబిలం, కదిరి ఉన్న సీమలో పుట్టినవాళ్లకు ఈ కథ కొత్త కాదు. నేను మాత్రం ఆ రోజే ఆలోచించాను. మనిషికి అటూ ఇటూ తోచని చోట దేవుడు కూర్చున్నాడు. అక్కడ ఆయన ఉన్నాడన్న నమ్మకమే నాకు మొదటి ఊరట.

ఆ రాత్రి భగవద్గీత తెరిచాను. ఎన్నడూ పట్టించుకోని ఒక మాట కంటపడింది: 'సేనయోరుభయోర్మధ్యే', అంటే రెండు సేనల నడుమ. మొదటి అధ్యాయం 21వ శ్లోకంలో అర్జునుడే అడుగుతాడు, నా రథాన్ని రెండు సేనల నడుమ నిలబెట్టమని. 24లో కృష్ణుడు అలాగే నిలబెడతాడు. రెండో అధ్యాయం 10లో అదే నడుమ, అదే మాట. ఈసారి అర్జునుడు కుమిలిపోతూ ఉన్నాడు, కృష్ణుడు నవ్వుతున్నట్టుగా పలికాడు. రథం ఒక్క అడుగు కూడా కదల్లేదు. కదిలింది ఏమిటా అని వెనక్కి తిప్పి చూస్తే 7వ శ్లోకం ఉంది.

'కార్పణ్యదోషోపహతస్వభావః
పృచ్ఛామి త్వాం ధర్మసమ్మూఢచేతాః'

దైన్యం నా స్వభావాన్ని దెబ్బతీసింది, ఏది ధర్మమో తోచడం లేదు, నిన్ను అడుగుతున్నాను అంటాడు. అంతకుముందు అతను చెప్పిన మాటలు తక్కువేమీ కావు. కులక్షయం, పాపం, పితృదేవతలు, అన్నీ తనే వాదించాడు. నాకు తెలియడం లేదు, నీ శిష్యుణ్ణి, నువ్వే చెప్పు అన్నాకే ఉపదేశం మొదలైంది. అంతా చెప్పాక కూడా కృష్ణుడు పద్దెనిమిదో అధ్యాయంలో 'యథేచ్ఛసి తథా కురు' అంటాడు. బాగా ఆలోచించుకుని నీకు ఎలా తోస్తే అలా చెయ్యి అని. ఆ మాట చదివినప్పుడు నాకు కళ్లు చెమ్మగిల్లాయి. నేను నాలుగు నెలలుగా ఎవరో ఒకరు వచ్చి నా బదులు తేల్చేస్తే బాగుండునని ఎదురుచూస్తున్నాను మరి.

మరునాడు శనివారం. మా ఊళ్లోని దేవుని కడప గుడికి పోయాను. తిరుమలకు ఇది తొలి గడప అని, అందుకే మా ఊరికి ఆ పేరొచ్చిందని పెద్దలు చెబుతారు. పూర్వం ఉత్తరాది నుంచి నడిచి వచ్చే భక్తులు ఇక్కడ లక్ష్మీ వేంకటేశ్వరస్వామికి దండం పెట్టుకుని కొండకు పోయేవాళ్లట. ఇక్కడి నుంచి తిరుపతి సుమారు 140 కిలోమీటర్లు. ఇక్కడ నిలబడితే కొండ కనపడదు. కనపడని కొండ కోసమే వాళ్లు గడపకు మొక్కి అడుగు ముందుకు వేశారు. ఉగాది నాడు ఈ గుడి చూడాలి. ముస్లిం కుటుంబాలు టెంకాయలు చేతపట్టుకుని వరుసలో నిలబడతాయి. స్వామి దేవేరి బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ, స్వామి మా అల్లుడు అంటారు. ఆ వరుసలో నిలబడినప్పుడల్లా నాకు మా ఊరి మీద ప్రేమ పొంగుతుంది.

ఆ శనివారం గుడి బయట చెప్పులు విడుస్తుంటే అన్నమయ్య గుర్తొచ్చాడు. ఈ స్వామిని కడపరాయడని పిలిచి పాడినవాడు. 1408లో రాజంపేట దగ్గర తాళ్లపాకలో పుట్టాడు. ఆయన బతుకు కథను మనవడు చిన్నన్న ద్విపదలో రాసిపెట్టాడు. ఇంట్లోవాళ్లు పశువులకు గడ్డి కోసుకు రమ్మంటే అడవికి పోయిన పిల్లాడు. కొడవలి తగిలి చిటికెన వేలు తెగింది. నెత్తురు కారుతున్న వేలితో ఉన్నప్పుడే తిరుమలకు పోయే యాత్రికుల గుంపు కనిపించింది. వాళ్ల వెంట పడ్డాడు. ఎక్కడుంటాడో, ఏం తింటాడో తెలియదు. పోయేవాళ్లు కనబడ్డారు, కలిసిపోయాడు, అంతే.

కొండ ఎక్కుతూ మోకాళ్ల ముడుపు దగ్గర సొమ్మసిల్లాడు. ఆ మెట్లు ఎక్కినవాళ్లకు తెలుసు, కాళ్లు ఎలా వణుకుతాయో. ఆకలి, అలసట. వెదురు పొద నీడలో ఒక బండ మీద చెప్పులతోనే పడి నిద్రపోయాడు. కళ్లు తెరిస్తే దారి కానరాలేదు. అప్పుడు అలమేలుమంగమ్మ పెద్ద ముత్తైదువులా వచ్చిందట. ఈ కొండంతా సాలగ్రామమయం, చెప్పులు విడిచి చూడు నాయనా అని చెప్పిందట. విడిచాడు. కొండ వెలుగుతూ కనిపించింది. స్వామి ఆరగించిన ప్రసాదం అమ్మ ఆ పిల్లాడికి తినిపించింది. ఆ ఆనందంలో ఆమె మీద శతకం చెప్పాడు.

ఈ కథ చిన్నప్పుడు విన్నప్పుడు, కొండ మీద చెప్పులు వేసుకోకూడదన్న నీతి చాలనుకున్నాను. ఇప్పుడు వేరేగా వినబడుతోంది. అమ్మవారు దివిటీ పట్టుకుని రాలేదు. కొత్త దారేమీ చూపలేదు. పిల్లాడు వేసుకున్నది తీయమంది, ఆకలికి పెట్టింది. అవి చెడ్డవి కూడా కావు, అడవిలో ముళ్ల నుంచి కాపాడిన చెప్పులే. నా భుజాన ఉన్న బ్యాగు కూడా అంతే. మొదట్లో అది నన్ను నాలుగు ప్రశ్నల నుంచి కాపాడింది. తర్వాత అదే నాకు అడ్డమైంది. ఉద్యోగం పోయిందని చెప్పనివాడికి ఎవరైనా పని ఉందని ఎలా చెబుతారు?

గుడి నుంచి ఇంటికొచ్చి బ్యాగు ఖాళీ చేసి అమ్మకు ఇచ్చాను, పాత బట్టలు పెట్టుకోమని. సాయంత్రం ప్రొద్దుటూరులో బట్టల వ్యాపారం చేసే చిన్నమామకు ఫోన్ చేశాను. "మామా, నాకు ఉద్యోగం లేదు. నాలుగు నెలలయింది. ఏం చేయాలో తెలీడం లేదు" అన్నాను. ఆ మూడు ముక్కలు చెప్పడానికి చెమట పట్టింది. మామ కాసేపు మాట్లాడలేదు. "ముందే చెప్పొద్దా అబ్బీ" అన్నాడు. తర్వాత, వాళ్ల అంగడి లెక్కలు చిక్కుపడి ఉన్నాయని, వారం రోజులు వచ్చి చూడమన్నాడు. వారమనుకున్నది నెలలయింది. ఇప్పుడు అక్కడా ఇక్కడా కొన్ని చిన్న అంగళ్లకు లెక్కలు, జీఎస్టీ రిటర్నులు చూస్తున్నాను. ఇదే నా దారి అని గట్టిగా చెప్పలేను. కొండ ఇంకా కనపడలేదు. రాత్రిళ్లు మాత్రం నిద్ర పడుతోంది. శనివారం శనివారం దేవుని కడపకు పోతాను, చెప్పులు విడిచేటప్పుడు ఒక్క నిమిషం ఆగి, ఇంకా ఏం తొడుక్కుని ఉన్నానో చూపించమని స్వామిని అడుగుతాను. అడిగిన ప్రతిసారీ ఏదో ఒకటి తగులుతూనే ఉంది.

ఈ ఏడాది అమ్మకు కింద కూర్చోవడం బాగా కష్టమైంది. పసుపు గిన్నె నా చేతికి వచ్చింది. మగపిల్లాడు గడపకు రాయడమేందని పక్కింటి అత్త అడిగితే, గడప అందరిదీ కాదా అంది అమ్మ. మొదటి శుక్రవారం ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ఊపున రాసేశాను. నడుమ పల్లంలో పసుపు అంటకుండా చెక్క అలాగే కనిపిస్తోంది.

అమ్మ కుర్చీలోంచి వంగి చూసింది. "ఆడ రెండోసారి రాయాలప్పా" అంది.