అలిపిరిలో మొరాయించిన డిక్కీ

మొన్న అలిపిరి చెక్‌పోస్టు దగ్గర "డిక్కీ తీయండి సార్" అన్నారు, నేను బటన్ నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. వెనక హారన్ల మోత. చివరికి వెనక సీటు మడిచి మా బామ్మర్ది లోపలికి దూరి, లాక్ దగ్గరున్న చిన్న పిడి లాగితే తెరుచుకుంది.

కొండ దిగాక ఫ్యూజు చూశా, బాగానే ఉంది. మెకానిక్ మాత్రం లాక్ మొత్తం మార్చాలన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు, ఎందుకంటే డిక్కీని సగం ఎత్తి పట్టుకుని నొక్కితే ఒక్కోసారి టక్కుమంటోంది, లాక్‌లోని మోటారే పోతే అలా ఎందుకంటుంది? కరెంటు వస్తోందో లేదో చూసే మల్టీమీటర్ లాక్ వైరుకి పెడితే 12 వోల్టులు రావాల్సిన చోట సున్నా.

డిక్కీ మడతబందు పక్కన వైర్లన్నీ ఒక రబ్బరు గొట్టంలోంచి పోతాయి, తీసి మూసిన ప్రతిసారీ అక్కడే వంగుతాయి. ఆ గొట్టం వెనక్కి జరిపి ఒక్కో వైరూ లాగి చూశా. ఒకటి పైకి నిక్షేపంలా ఉంది, లాగితే మాత్రం రబ్బరు బ్యాండులా సాగింది! లోపల రాగి తెగిపోయింది. జానెడు కొత్త వైరు కలిపి సోల్డర్ చేశా, బటన్ నొక్కగానే టక్కున తెరుచుకుంది.

పక్కనే నంబర్ ప్లేటు లైటు వైరు కూడా పగుళ్లిచ్చింది, ఆదివారం దాని పని.