గలాపగోస్ తాబేళ్లూ, వాటి కోసం చచ్చిన మేకలూ

పసిఫిక్‌లోని గలాపగోస్ దీవుల్లో ఒకటైన శాంటా క్రూజ్‌లో తీరం దగ్గర ముళ్లచెట్లు, మాడు పగిలే ఎండ. బస్సు తాబేళ్లుండే ఎల్ చాటో వైపు కొండెక్కేసరికి సన్నటి తుంపర, ఎటు చూసినా పచ్చగడ్డి. బురద మడుగు పక్కన ఓ పెద్ద మగ తాబేలు గడ్డి పరపరా తెంపుతోంది. రెండు మీటర్ల దూరంలోనే ఆగాలి. ఎవరో ఎదురుగా నడిచేసరికి బుస్సుమంటూ తల లోపలికి లాక్కుంది. కోపం కాదట; తల డిప్పలో పట్టాలంటే ఊపిరితిత్తుల్లో గాలి బయటికి పోవాలి.

ఇక్కడివాటి డిప్ప బోర్లించిన మూకుడులా గుండ్రంగా ఉంటుంది. మేత నేలమీదే దొరుకుతుంది కనుక మెడ ఎత్తే పని తక్కువ. ఎస్పన్యోలా లాంటి ఎండు దీవుల్లో గడ్డి అంతగా ఉండదు. అక్కడివాటికి మెడ పొడుగు, డిప్ప ముందుభాగం పైకి లేచి ఉంటుంది, నాగజెముడు అందుకోవడానికి. ఆ నాగజెముడు మన చేలగట్ల మీద పొద లాంటిది కాదు, మాను కట్టి చెట్టంత పెరుగుతుంది.

వానలకు కింద లేత గడ్డి మొలిస్తే పెద్ద మగవి కిలోమీటర్ల కొద్దీ దిగిపోతాయి, అది ఎండాక మళ్లీ పైకి. దారిలో పొలాలు. మేం చూసిన ఒక కంచెకి అవి దూరేలా కింది తీగ తీసేశారు.

తిండీ నీళ్లూ లేకుండా ఏడాది దాకా బతకగలవు. ఆ శక్తే వీటి కొంప ముంచింది. 19వ శతాబ్దంలో తిమింగలాల వేటగాళ్లు వీటిని ప్రాణాలతోనే ఓడ అడుగున పేర్చుకుని, కావలసినప్పుడు కోసుకు తిన్నారు. మనుషులు వదిలిన మేకలు మేతంతా ఊడ్చేశాయి.

ప్యూర్తో అయోరా ఊళ్లోని డార్విన్ పరిశోధన కేంద్రంలో లోన్‌సమ్ జార్జ్ అనే తాబేలు కళేబరాన్ని భద్రపరిచి అద్దాల వెనక పెట్టారు. పింటా దీవి జాతిలో ఆఖరిది, 2012లో పోయింది. నేను మాత్రం తాబేలు పిల్లల దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను. అరచేతిలో పట్టేంత ఉన్నాయి, డిప్పల మీద రంగుతో అంకెలు. గుడ్లను 28 డిగ్రీల్లో పొదిగితే మగవి, 29.5 దగ్గరైతే ఆడవి ఎక్కువ పుడతాయి. నాలుగైదేళ్లు పెంచి, ఎలుకలు ఏమీ చేయలేని సైజు వచ్చాక దీవులకు పంపుతారు.

అసలు కష్టం మేకలతో. 1997–2006 మధ్య ఇసబెలా ప్రాజెక్టులో లక్షన్నరకు పైగా మేకల్ని చంపారు, హెలికాప్టర్ల నుంచి కూడా కాల్చి. చివర్లో దాక్కున్నవాటి కోసం ఒక మేకకు రేడియో పట్టీ కట్టి వదిలేవారు. అది తోడు వెతుక్కుంటూ వెళ్తుంది, వెనకే తుపాకులు. గైడ్ మామూలుగానే చెప్పాడు గానీ నాకు మనసొప్పలేదు. కానీ ఎస్పన్యోలా సంగతేమనాలి? 14 తాబేళ్లే మిగిలినచోట, మేకలు పోయి, పిల్లల్ని పెంచి వదిలాక, 2020 నాటికి దాదాపు 2,000 అయ్యాయి. ఆ లెక్క ముందు నా దగ్గర వాదన లేదు.

ఇప్పటి తలనొప్పి జామ. బయటి నుంచి తెచ్చిన ఈ చెట్టు శాంటా క్రూజ్ కొండల్లో అల్లుకుపోయింది. చిక్కేమిటంటే తాబేళ్లకి జామపండంటే ప్రాణం. తిని, గింజల్ని కిలోమీటర్ల దూరం మోసుకుపోయి, పేడతో సహా నాటేస్తున్నాయి.