మాట పోయిన మనిషి సమ్మతి

విద్యార్థి దశలో నేను కేస్ షీట్‌లో రాసిన ఒక వాక్యం ఇప్పటికీ నన్ను బాధిస్తూనే ఉంది: "రోగి సహకరించడం లేదు." పక్షవాతంతో ఆయన కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. ముక్కు గుండా పొట్టలోకి ఆహారం పంపే రైల్స్ ట్యూబ్ వేయవలసి వచ్చినప్పుడు మంచానికి అవతల నిలబడిన కొడుకుకు అన్నీ వివరించి, సంతకం పెట్టించుకున్నాను. ట్యూబ్‌ను ముక్కు దగ్గరికి తీసుకువెళ్లిన ప్రతిసారీ ఆ పెద్దాయన ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుని పక్కకు నెట్టేశారు.

అప్పుడు సీనియర్ సిస్టర్ ఒకరు వచ్చి ఆయన ముఖానికి ఎదురుగా కూర్చున్నారు. ఇప్పుడు పగలేనా అని అడిగారు, కాసేపాగి ఇప్పుడు రాత్రేనా అని అడిగారు. ఆయన మొదటిదానికి తల ఊపి, రెండోదానికి అడ్డంగా ఆడించారు. తరువాత ట్యూబ్‌ను ఆయన ఎడమ చేతిలో పెట్టి, తన ముక్కు నుంచి పొట్ట వరకు వేలితో గీసి చూపించి, నోటితో తాగితే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని, మింగడం తిరిగి వస్తే తీసేస్తామని చిన్న మాటల్లో చెప్పి, వెయ్యమంటారా అని అడిగి ఆగారు. ఆయన దాన్ని వేళ్లతో తడిమి చూసి, తిరిగి ఆమెకే ఇచ్చి, తల ఊపారు.

1861లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా చూసిన రోగి నోట "టాన్" అన్న శబ్దం తప్ప దాదాపు మరేమీ వచ్చేది కాదని, ఇతరులు చెప్పేది మాత్రం చాలావరకు అర్థమయ్యేదని, మరణించాక మెదడు ముందుభాగమైన ఫ్రంటల్ లోబ్‌లో, ఎడమవైపు దెబ్బ కనబడిందని అప్పటికే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అయినా ఆ మంచం దగ్గర మాట పోవడాన్ని తెలివి పోవడంగానే లెక్కవేశాను. 1874లో జర్మన్ వైద్యుడు వెర్నికే వర్ణించిన అఫేసియాలో, అంటే మెదడు దెబ్బతిని భాష చెడే స్థితిలో, ఇబ్బంది ఇందుకు దాదాపు తలకిందులుగా ఉంటుంది: మాట ధారాళంగా వస్తుంది గాని, ఎదుటివాళ్లు అడిగింది సరిగా అందదు, కనుక ఆ రోగి అన్న "అవును"ను సమ్మతిగా తీసుకుంటే అదీ అన్యాయమే. పగలా, రాత్రా అన్న సిస్టర్ ప్రశ్నలు ఎందుకో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. స్వయం నిర్ణయాధికారం అనే సూత్రాన్ని నీతిశాస్త్రం తరగతిలో వల్లించవచ్చు గాని, మెదడులో ఏ భాగం దెబ్బతిన్నదో, అందువల్ల ఏది పోయి ఏది మిగిలిందో గ్రహించకుండా దాన్ని పాటించడం సాధ్యం కాదు.

న్యుమోనియా నివారణ విషయంలోనూ నాది అదే పొరపాటు. పక్షవాతం వచ్చిన వారికి మింగే శక్తిని పరీక్షించకుండా నోటి ద్వారా నీళ్లు గాని, మాత్ర గాని ఇవ్వకూడదు; గొంతులో స్పర్శ తగ్గినవారికి దగ్గు కూడా రాకుండానే ద్రవం ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియాకు దారితీయవచ్చు. ఆ ట్యూబ్ ఆయన మేలు కోసమేనన్న ధీమాతో, ఆ మేలు ఏమిటో ఆయనకే చెప్పలేదు.

ఇప్పుడు నా విద్యార్థులను కేస్ షీట్‌లో "సహకరించడం లేదు" అని రాయనివ్వను. "ఎడమ చేత్తో ట్యూబ్‌ను మూడుసార్లు నెట్టారు, అవును, కాదు సమాధానాలు నమ్మదగినవి, వివరించి మళ్లీ అడగాలి" అని రాయమంటాను. అలా రాయాలంటే ముందు కుర్చీ లాక్కుని ఆయనకు ఎదురుగా కూర్చోవాలి.