పొద్దున మోకాలి ఆపరేషన్, సాయంత్రానికి ఇల్లు

మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందని డాక్టర్ ఎప్పట్నుంచో చెప్తూనే ఉన్నాడు, నేనే ఇంజక్షన్లతో నెట్టుకొస్తున్నా. చివరికి ఇక్కడ అమెరికాలో మా ఇంటి బేస్‌మెంట్ మెట్లు దిగాలన్నా ఏడుపొచ్చే పరిస్థితి వచ్చాక కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్‌కి సరే అన్నాను. తీరా ఒప్పుకున్నాక చెప్పాడు, హాస్పిటల్ కాదు సర్జరీ సెంటర్, పొద్దున వస్తే సాయంత్రానికి ఇంటికెళ్ళిపోవచ్చు అని. విజయవాడలో అక్కకి ఫోన్ చేసి చెప్తే "అదేంటే, పన్ను పీకించుకోడానికి వెళ్తున్నావా?" అంది. తనకి చేసినప్పుడు వారం దాకా హాస్పిటల్లోనే ఉంచారు, పిల్లలు వంతులేసుకుని క్యారేజీలు మోశారు.

అమెరికాలో కూడా ఇది కొత్తే. ఇలాంటి సెంటర్ మొదటిది 1970లో ఫీనిక్స్‌లో ఇద్దరు మత్తు డాక్టర్లు పెట్టారు, కానీ అది చిన్నాచితకా ఆపరేషన్లకి. మోకాలి మార్పిడికైతే హాస్పిటల్లో అడ్మిట్ అయితేనే డబ్బులిస్తానని మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్ళకి ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్సు) 2017 చివరిదాకా పట్టుబట్టింది, సర్జరీ సెంటర్లో చేసినా ఇస్తానన్నది 2020 నుంచే. మత్తు పద్ధతులు బాగుపడ్డాయి, వెంటనే నడిపిస్తే రక్తం గడ్డకట్టే భయం తగ్గుతుంది, ఇవన్నీ మా డాక్టర్ చెప్పాడు. రాత్రి మంచం ఖర్చు మిగులుతుందన్న సంగతి మాత్రం చెప్పలేదు లెండి.

ఆ రోజు పొద్దున్నే వెళ్తే కనిపించిన ప్రతివాళ్ళూ "ఏ కాలు?" అని అడిగేవాళ్ళే, డాక్టర్ వచ్చి పెన్నుతో మోకాలి మీద సంతకం పెట్టాడు. వెన్నులో మత్తిచ్చారు, తొడ దగ్గర నరానికి ఇంకో ఇంజక్షన్. కళ్ళు తెరిచేసరికి యాపిల్ జ్యూసు, బిస్కట్లు. కాసేపటికే ఫిజియోథెరపీ అమ్మాయి వాకర్ తెచ్చి నడిపించింది, అక్కడే ఉన్న చెక్కమెట్లు ఎక్కించి దింపింది. అంతా బానే ఉంది గానీ యూరిన్ వస్తే తప్ప ఇంటికి పంపం అన్నారు! వెన్నులో మత్తిస్తే ఒక్కోసారి అది రాదట. నేను బాత్రూంలో కుళాయి తిప్పుకుని కూర్చుంటే బయట మావారికి డ్రెస్సింగు, మందులు, ఐస్ ఎప్పుడు పెట్టాలి, పిక్క వాచి నొప్పెడితే ఎవరికి ఫోన్ చెయ్యాలి అని నర్సు పాఠం చెప్తోంది. జీవితంలో కాఫీ కూడా కలుపుకోని మనిషి, బుద్ధిగా రాసుకున్నారు.

అసలు నొప్పి మర్నాటి రాత్రి మొదలైంది, నరానికిచ్చిన మత్తు దిగిపోయాక. ఆక్సీకోడోన్ అని గట్టి నొప్పి మాత్ర, వేసుకుంటే నొప్పి తగ్గేది గానీ కడుపు కట్టేసేది, తల తిరిగేది. అప్పుడు బెల్లు కొడితే వచ్చే నర్సు లేదు, మావారే. అలారం పెట్టుకుని లేచి మందులిచ్చారు, ఐస్ మార్చారు, చీలమండ కింద టవల్ చుట్ట పెట్టి కాలు చాపించారు (అది చెయ్యకపోతే మోకాలు వంకరగా ఉండిపోతుందట). వాపు చూసి భయమేసి డాక్టర్ ఆఫీసు వెబ్‌సైట్లో (పోర్టల్ అంటారు) ఫోటో పెడితే పొద్దున్నే నర్సు ఫోన్ చేసి మామూలేనంది. ఇంట్లో మన బాత్రూమూ మన రసమన్నమూ ఉంటాయి, ఆ సుఖం కాదనను. కానీ ఖర్చు తగ్గింది అంటారు చూడండి, ఆ పని ఎక్కడికీ పోలేదు, మావారి మీద పడింది, అంతే.

మరి ఎవరూ లేనివాళ్ళ సంగతేంటి? మా ఫ్రెండు ఒంటరిగా ఉంటుంది. అలాగే మోకాలు చేయించుకుంటే హాస్పిటల్లో ఒక రాత్రి మంచం మీద పడుకోబెట్టి కాగితాల్లో మాత్రం ఔట్‌పేషెంటు అని రాశారు. మామూలు మెడికేర్లో, అంటే ప్రైవేటు కంపెనీల ద్వారా కాకుండా నేరుగా ప్రభుత్వం నడిపేదాంట్లో, నర్సింగ్ హోమ్‌లో (ఇక్కడ ఆ మాటకి హాస్పిటల్ అని కాదు, నర్సులు చూసుకునే వసతి అని అర్థం) ఉండి కోలుకోడానికి డబ్బులు రావాలంటే సాధారణంగా వరసగా 3 రోజులు హాస్పిటల్లో ఇన్‌పేషెంటుగా అడ్మిట్ అయి ఉండాలి, ఔట్‌పేషెంటుగా పడుకున్న రాత్రి ఆ లెక్కలోకి రాదు. పాపం సొంత డబ్బుతో మనిషిని పెట్టుకుంది. ఆపరేషన్‌కి ముందే ఇంట్లో ఎవరున్నారని నన్ను పదిసార్లు అడిగారే, తనకి ఎవరూ లేరని తెలిశాక ఏదో ఒక దారి చూపించాలి కదా.

నాకిప్పుడు మోకాలు బాగానే వంగుతోంది, మెట్లు దిగుతున్నా, కింద కూర్చోవడం మాత్రం ఇక లేదు. ఎడమకాలు కూడా అదే సెంటర్లో చేయించుకుంటాను. మా అమ్మాయికి సెలవు దొరికేదాకా డేట్ తీసుకోవద్దని మావారు ఖచ్చితంగా చెప్పేశారు.