మామకాః

భగవద్గీత ఆరో అధ్యాయం, ధ్యాన యోగంలో ఈ శ్లోకాన్ని పారాయణ వేగంలో చాలామంది దాటేస్తారు.

సుహృన్మిత్రార్యుదాసీన మధ్యస్థ ద్వేష్య బంధుషు
సాధుష్వపి చ పాపేషు సమబుద్ధిర్విశిష్యతే

నేను మాత్రం ‘మధ్యస్థ’ దగ్గర ఆగిపోతాను. పక్కనే ఉదాసీనుడున్నాడు కదా, మళ్ళీ ఈయనెందుకు? శంకరులు తేడా చూపించారు. ఏ పక్షమూ పట్టనివాడు ఉదాసీనుడు. తగువులాడుకునే ఇద్దరి మేలూ కోరేవాడు మధ్యస్థుడు. మేలు కోరేవాడు, మిత్రుడు, శత్రువు మొదలుకుని సాధువులు, పాపుల దాకా ఈ తొమ్మిది రకాలవాళ్ళ మీదా సమబుద్ధి ఉండాలన్నదే శ్లోకార్థం, నిజమే. కానీ ఆ సమబుద్ధి ఎలా ఉంటుందో నాకు ఈ మధ్యస్థుడిలోనే కనిపిస్తుంది. ‘నాకెందుకొచ్చిన గొడవ’ అని తప్పుకోవడం సమబుద్ధి కాదు.

1980 బొంబాయి టెస్టులో ఇంగ్లండ్ సగం వికెట్లు పోయి కష్టాల్లో ఉంది. బాబ్ టేలర్‌కి అంపైర్ ఔటిచ్చేశాడు. బంతి బ్యాట్‌కి తగల్లేదని మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్‌కి తెలుసు. అంపైర్‌తో మాట్లాడి టేలర్‌ని వెనక్కి పిలిపించాడు. ఆ టేలర్, బోథమ్ కలిసి 171 పరుగులు జోడించారు. మనం 10 వికెట్ల తేడాతో ఓడిపోయాం. మా నాన్న చివరిదాకా విశ్వనాథ్‌ని తిట్టుకుంటూనే ఉన్నారు. రోజూ గీత చదివేవారే!

గీత మొదటి శ్లోకంలోనే సింహాసనం మీదున్న ధృతరాష్ట్రుడు తన కొడుకుల్ని ‘మామకాః’, అంటే ‘నావాళ్ళు’ అన్నాడు. తమ్ముడి పిల్లలు ‘పాండవాః’ అయిపోయారు. ఇవాళ మంత్రులు భయం గానీ పక్షపాతం గానీ, రాగద్వేషాలు గానీ లేకుండా పనిచేస్తామని ప్రమాణం చేస్తారు. వేదిక దిగేసరికి దండలు పట్టుకుని ‘మావాళ్ళు’ సిద్ధం. వాళ్ళను అనడానికి నాకు నోరెక్కడిది?

కిందటేడు గీతా జయంతికి పిల్లల శ్లోకాల పోటీలో నన్ను జడ్జిగా కూర్చోబెట్టారు. ఇదే అధ్యాయం. విరాళమిచ్చిన పెద్దాయన మనవరాలు ‘ఉదాసీన’ మింగేసి ముందుకెళ్ళిపోయింది. 8 వేశాను. ఇస్త్రీ బండి ఆయన కొడుకు ఒక్క అక్షరం తప్పలేదు. 9 వేశాను. పెద్దాయన మెడ సాచి నా కాగితంలోకి చూశాడు. నా పెన్ను 8ని దిద్ది తొమ్మిదిన్నర చేసింది. బాబు రెండో బహుమతి స్టీలు గ్లాసు తీసుకుని, వంగి నా కాళ్ళకి దండం పెట్టి వెళ్ళాడు. ఆ రాత్రి పారాయణ ఈ శ్లోకం దాకా వచ్చి ఆగిపోయింది.

అమ్మా, అయ్యా, గుళ్ళో పులిహోర గరిటె చేతిలో ఉన్నప్పుడైనా దొన్నె చూడండి, మొహం చూడకండి. తెలిసినవాళ్ళకి జీడిపప్పు ఏరి వేయడం కూడా పక్షపాతమే.

ఈసారి ఏకాదశికి మళ్ళీ పిలిచారు. పేర్లొద్దు, నంబర్లు పిలవండి, నేను అటు తిరిగి కూర్చుని వింటానన్నాను. కమిటీవాళ్ళు నవ్వి, ‘మీకు చాదస్తం మాస్టారూ’ అన్నారు.