మీ ముందర పెట్టినవి

"మరియు మీరు ఏ పట్టణములోనైనను ప్రవేశించునప్పుడు వారు మిమ్మును చేర్చుకొనినయెడల మీ ముందర పెట్టినవి తినుడి. అందులో ఉన్న రోగులను స్వస్థపరచుడి." (లూకా 10:8, 9)

పాస్టరుగారిని భోజనానికి పిలిచినప్పుడల్లా మా ఇంట్లో ఎవరో ఒకరు ఈ వాక్యం ఎత్తేవారు. "ముందర పెట్టినవి తినుడి అన్నాడు కదా అయ్యగారూ" అంటూ ఇంకో గరిటె కూర వేసేవారు. నాకు ఇది అలా సరదా వాక్యంగానే తెలుసు. ఇందులో ఒక వరుస ఉందని తెలిసింది మాత్రం పశ్చిమ కెన్యాలో, కాకమెగా దగ్గర ఒక పల్లెలో. అదీ తప్పు చేశాక.

మా సంఘం నుంచి 8 మందిమి వెళ్ళాం. ముంబై మీదుగా నైరోబీ, అక్కడి నుంచి కిసుము, కిసుము నుంచి ఉత్తరంగా 50 కిలోమీటర్ల దాకా రోడ్డు ప్రయాణం. తలా రెండు సూట్‌కేసులు. మందులు, సబ్బులు, తువాళ్ళు, చెప్పులు, బూట్లు. ఇదే అధ్యాయంలో నాలుగు వచనాల ముందే సంచి వద్దు, జాలె వద్దు, చెప్పులు వద్దు అన్నాడు ప్రభువు. మా దగ్గర చెప్పులూ బూట్లే 150 జతలు.

మేం వెళ్ళింది ఫుంజా కోసం. స్వాహిలీలో ఆ పురుగు పేరు అది. ఇసుక రేణువంత ఉంటుంది, దుమ్ము నేలలో బతుకుతుంది. ఆడ పురుగు గోళ్ళ చుట్టూ, మడమల్లో చర్మంలోకి దూరి, రక్తం తాగుతూ గుడ్లతో ఉబ్బి, వారం పది రోజుల్లో బఠాణీ గింజంత అవుతుంది. ఒకటో రెండో అయితే దురదతో పోతుంది. పదుల కొద్దీ పడితే మనిషి నడవలేడు. సిమెంటు గచ్చు ఉన్న ఇళ్ళలో ఇది అరుదు. ఒంటరి ముసలివాళ్ళు, అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలు, మట్టి నేల మీద పడుకునేవాళ్ళు, వీళ్ళకే పడుతుంది. చేతబడి అని నమ్మేవాళ్ళు వాళ్ళ ఇంటి ఛాయలకు రారు. ఒకే పిన్నీసుతో ఒకరి తర్వాత ఒకరు తవ్వి తీసుకుంటారు కాబట్టి ధనుర్వాతం, హెచ్ఐవీ భయం కూడా ఉంది. నిజానికి ఈ పురుగు ఆఫ్రికాది కాదు. 1872లో బ్రెజిల్ నుంచి అంగోలా తీరానికి వచ్చిన ఓడలో, బరువు కోసం పోసిన ఇసుకతో దిగిందట. కొన్ని దశాబ్దాల్లో ఖండం ఈ చివరి దాకా పాకింది. మా సూట్‌కేసుల సంగతి రాస్తుంటే ఎందుకో ఆ ఓడ గుర్తొస్తోంది.

పిల్లలు "ముహిందీ, ముహిందీ" అని మా వెంటపడ్డారు. తెల్లవాళ్ళయితే ముజుంగు, మనవాళ్ళయితే ముహిందీ. 1901లో కిసుము చేరిన రైలు పట్టాలు వేసింది మన దేశపు కూలీలే, ఎక్కువగా పంజాబ్ వాళ్ళు. దుకాణాలు పెట్టుకున్న మనవాళ్ళు వేరే. అందుకే అక్కడ ముహిందీ అంటే చాలామందికి కొట్టు యజమాని. ఒక పెద్దాయన నన్ను చక్కెర రేటు అడిగాడు.

మొదటి రోజు సాయంత్రం ఒక అవ్వ ఇంటికి తీసుకెళ్ళారు. అక్కడి లుహ్యా వాళ్ళ పలకరింపు "ములెంబె". సమాధానం అని అర్థం. "ఈ యింటికి సమాధానమగు గాక" అని మొదట చెప్పమని మనకు ఆజ్ఞ ఉంటే, ఆవిడే గడపలో నిలబడి మాకంటే ముందు చెప్పేసింది. కూర్చోబెట్టి, మనవడి చేత జగ్గు, బేసిన్ తెప్పించింది. వాడు ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చేతుల మీద నీళ్ళు పోయాలి. పాదాలు పూర్తిగా ఆనించలేక అంచుల మీద నడుస్తున్నాడు. మా కళ్ళన్నీ ఆ కాళ్ళ మీదే ఉన్నాయి.

నా వంతు రాగానే చేతులు వెనక్కి తీసుకున్నాను. "వద్దమ్మా, ఇప్పుడే తిన్నాం" అన్నాను. తినలేదు. బయట తిండి జాగ్రత్త అని బయల్దేరేటప్పుడు చెప్పిన మాట ఒకటి. వాకిట్లో తిరుగుతున్న మూడు కోళ్ళలో ఒకటి మా కోసం పోతుందేమోనన్న బాధ ఒకటి. వీటన్నిటి కింద ఉన్నది మన మొహమాటం. మన ఇళ్ళలో వద్దనడం మన మర్యాద, బలవంతం చేసి వడ్డించడం వాళ్ళ మర్యాద. ఆవిడ బలవంతం చేయలేదు. జగ్గు కింద పెట్టించింది. మేం బసకు వెళ్ళి, తెచ్చుకున్న పులిహోర పేస్టు కలుపుకుని తిన్నాం.

(బావి నీళ్ళు తాగేయమని ఎవరికీ చెప్పడం లేదు, నేను నర్సుని. పొయ్యి మీంచి దిగిన వేడి ముద్దకు భయపడక్కర్లేదని కూడా నాకు తెలుసు. తెలిసే వద్దన్నాను.)

మర్నాడు చర్చి ఆవరణలో బేసిన్లు వరసగా పెట్టాం. చాలామంది వచ్చారు. వాచిన కాళ్ళకు మా బూట్లు సగం పట్టలేదు. అవ్వ రాలేదు, మనవడూ రాలేదు. మన ఆశా వర్కర్ లాంటి ఆవిడ ఒకరు అక్కడ సాయానికి ఉంటే, వెళ్ళి కనుక్కోమన్నాను. తిరిగొచ్చి కాస్త ఇబ్బందిగా చెప్పింది: "నా జగ్గు నీళ్ళతో ఆమె చేతులు కడుక్కోలేదు. ఆమె బేసిన్లో నేను కాళ్ళెందుకు పెట్టాలి అంటోంది."

మాది గుంటూరు వైపు. లూథరన్ కుటుంబం. 1883లో అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ పేరుతో ఆసుపత్రి ఉన్న ఊరు గుంటూరు. మా నాయనమ్మకు ఆ ఆసుపత్రిలో ఏ జబ్బు తగ్గిందో, ఏం మందు ఇచ్చారో గుర్తు లేదు. ఒక్కటి మాత్రం చచ్చేదాకా చెప్పింది. తన చిన్నతనంలో ఎవరో దొరసాని మా పల్లెకు వచ్చి, మా అరుగు మీద కూర్చుని, తన తల్లి ఇచ్చిన మజ్జిగ తాగిందట. ఊళ్ళోవాళ్ళు మా చేతి నీళ్ళు ముట్టని రోజులవి. మాకు దాహమైతే దోసిట్లోకి పైనుంచి పోసేవాళ్ళు. ఆ దొరసాని పేరేంటో నాయనమ్మకు తెలియదు. గ్లాసు ఖాళీ చేసి చేతికిచ్చింది అని మాత్రం చెప్పేది.

ఆ నాయనమ్మ మనవరాలిని నేను, ఒక పేదరాలు నీళ్ళు పోయబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నా కారణాలు వేరు అనుకున్నాను కాసేపు. ఊళ్ళోవాళ్ళకూ వాళ్ళ కారణాలు ఉండే ఉంటాయి. జగ్గు పట్టుకుని నిలబడ్డవాళ్ళకు కారణాలు కనపడవు కదా.

ఆ రాత్రి లూకా 10 మళ్ళీ చదివాను. మొదట సమాధానం చెప్పాలి. తర్వాత పెట్టింది తినాలి. ఆ తర్వాతే స్వస్థపరచడం, దేవుని రాజ్యం దగ్గరకు వచ్చిందని చెప్పడం. మేం రెండోది దాటేసి మూడోదానికి పోయాం. ప్రభువు డెబ్బది మంది శిష్యులను వట్టి చేతులతో ఎందుకు పంపాడో అప్పుడు కొంచెం అర్థమైంది. సంచిలో పులిహోర పేస్టు లేనివాడు ఎవరో ఒకరి గుమ్మం ముందు కూర్చోక తప్పదు. ఈ అధ్యాయంలో మనందరికీ ఇష్టమైంది మంచి సమరయుడి కథ. నూనె పోసే చేతులు మనవే అనుకుంటూ చదువుతాం. ఇంకొంచెం ముందుకు పోతే, పంపిన ప్రభువే మార్త ఇంట్లో అతిథిగా కూర్చుని ఉంటాడు.

పేతురు కూడా గుర్తొచ్చాడు. చివరి రాత్రి ప్రభువు తువాలు కట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగినదానికి గుర్తుగా, గుడ్ ఫ్రైడే ముందు గురువారం మా చర్చిలో పాస్టరుగారు పన్నెండు మంది కాళ్ళు కడుగుతారు. ఆ పన్నెండు మందీ ఇంట్లో సబ్బుతో రుద్దుకుని, కొత్త సాక్సులు తొడుక్కుని వస్తారు. నవ్వొస్తుంది గానీ, మురికి కాళ్ళు ఎవరికైనా అప్పగించడం కష్టమే. "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అన్న పేతురు మాటను ఇన్నేళ్ళూ వినయం అనుకున్నాను. ఆ తువాలు తనకిచ్చి ఉంటే అందరి కాళ్ళూ కడిగేవాడేమో. తన కాళ్ళు చాపడమే రాలేదు. "నేను నిన్ను కడుగనియెడల నాతో నీకు పాలు లేదు" అని అంత గట్టిగా చెప్పాల్సి వచ్చింది, మొహమాటానికి.

మూడో రోజు పొద్దున్నే అవ్వ ఇంటికి వెళ్ళి "సమహాని" అన్నాను. క్షమించమని అడగడానికి నాకు వచ్చిన స్వాహిలీ మాట అదొక్కటే. ఆవిడ ఏమీ అనలేదు. మనవణ్ణి పిలిచింది. వాడు జగ్గు పట్టుకొచ్చి నా చేతుల మీద నీళ్ళు పోశాడు. మొక్కజొన్న పిండి ముద్ద పెట్టింది, తెల్లగా, మన సంకటి లాగే గట్టిగా. చిన్న ఉండ చేసి, బొటనవేలితో గుంట నొక్కి, దాంతో ఆకుకూర తీసుకుని తినాలి. నాకు చేతకాకపోతే నవ్వి చూపించింది.

తర్వాత కాళ్ళు చాపింది. సబ్బు నీళ్ళలో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో మట్టి వదిలించాను. తెల్లటి బుడిపె మధ్యలో నల్ల చుక్క కనిపిస్తుంది. అది పురుగు వెనక కొస, దాంతోనే ఊపిరి పీలుస్తుంది. పేలకు వాడే డైమెథికోన్ అనే నూనె లాంటి మందు అక్కడ పూస్తే ఊపిరాడక చస్తుంది. పిన్నీసు అక్కర్లేదు. ఎడమ కాలికే 34 లెక్కపెట్టాను. రెండు కాళ్ళూ అయ్యేసరికి నాకు నడుం పట్టేసింది. చెయ్యి ఆనించి లేవబోతుంటే ఆవిడ నా భుజం తట్టి "పోలే, పోలే" అంది. నొప్పి పడేవాళ్ళను చూసి అక్కడ అనే మాట అది.

నేల అలాగే ఉంటే మందు కొన్నాళ్ళ ముచ్చటే. అందుకే మిగిలిన డబ్బు ఇళ్ళ నేలలు గట్టి చేయించడానికి అక్కడి సంఘానికి ఇచ్చి వచ్చాం. ఫోటోల్లో నేలలు బాగా పడవు, మా వాట్సాప్ గ్రూపులో అన్నీ కాళ్ళే.

బయల్దేరే రోజు వాకిట్లో రెండు కోళ్ళే ఉన్నాయి. ఈసారి ఎవరూ వద్దనలేదు. అక్కడ కందనకాయ ఇంటి పెద్దకే పెట్టడం ఆచారమట. ముసలాయన పోయాక ఆ ఇంటికి పెద్ద అవ్వే. పులుసులో వెతికి, తీసి, నా కంచంలో వేసి నావైపే చూస్తూ కూర్చుంది. నాటుకోడిది, గట్టిగా ఉంది. నమలడానికి చాలాసేపు పట్టింది.