యూజీసీ నెట్ పరీక్ష, విజువల్ ఆర్ట్: సింబలిజం చదివేటప్పుడు మీడియం చూడటం మర్చిపోకండి

సింబలిజం (కళ్లకి కనిపించేదాని బదులు కలల్నీ భావాల్నీ ప్రతీకలతో చెప్పిన 19వ శతాబ్దపు యూరప్ కళా ఉద్యమం) అనగానే మనవాళ్లు చిత్రకారులు మొరో, రెడాన్, ఉద్యమాన్ని ప్రకటించిన 1886 మానిఫెస్టో అని మూడు ముక్కలు బట్టీ పట్టి పక్కన పెట్టేస్తారు. జతపరచండి ప్రశ్న వచ్చినప్పుడు అవి అక్కరకు రావు. నేను చెప్పేది ఒక్కటే, బొమ్మ కింద మీడియం, అంటే ఏ రంగులతో వేశారో, ఏమని రాసుందో చూడండి.

గుస్తావ్ మొరో 'ది అపారిషన్'నే తీసుకోండి. 1876లో సలోన్ అనే పారిస్ అధికారిక ప్రదర్శనలో పెట్టింది వాటర్‌కలర్, మీటరు పైనే ఎత్తు. పారిస్‌లో ఆయన ఇంటినే మ్యూజియం చేశారు కదా, అక్కడున్నది ఆయిల్, గోడలూ స్తంభాల మీద సన్నటి గీతల డ్రాయింగ్ కనిపిస్తే అదేనని గుర్తు. పైగా ఈ బొమ్మలోని సలోమి బైబిల్ కథలోది. గ్రీకు పురాణం కావాలంటే 1878 నాటి 'ఫేథాన్' చూడండి, సూర్యరథం అదుపు తప్పి సింహానికీ పెద్ద పాముకీ మధ్య కూలిపోతుంటుంది, అదీ వాటర్‌కలరే.

కాలేజీలో వాటర్‌కలర్ వేసేటప్పుడు తెల్లరంగు ముట్టుకుంటే మాస్టారు ఊరుకునేవారు కాదు, వెలుగంతా కాగితం తెలుపులోంచే రావాలనేవారు. ఈ సింబలిస్టులకి ఆ పట్టింపే లేదు, పల్చటి వాష్ (నీళ్లెక్కువ కలిపిన రంగు పూత) మీద గువాష్ (కింది పూత కనపడనివ్వని చిక్కటి నీటిరంగు) దట్టించేస్తారు. ఇంగ్లండ్‌లో చిత్రకారుడు బర్న్-జోన్స్ అయితే మరీను. ఆయన వాటర్‌కలర్ 'లవ్ అమాంగ్ ద రూయిన్స్'ని 1893లో ఆయిల్ అనుకుని పైన కోడిగుడ్డు తెల్లసొన పూసి పాడుచేశారంటే ఎంత దట్టంగా వేసేవాడో చూడండి!

చదివి వదిలేయకుండా చేత్తో చేసి చూడండి. నీలం వాష్ వేసి పూర్తిగా ఆరాక చిక్కటి తెల్ల గువాష్ చుక్క పెడితే నగలో రాయిలా నిలబడుతుంది, తడి ఉండగానే పెడితే పాకిపోయి మాసిపోతుంది. ముదురు రంగులో కాస్త తుమ్మబంక నీళ్లు కలిపితే నీడ లోతుగా, నిగనిగలాడుతూ వస్తుంది, ఎక్కువైతే ఆరాక పగుళ్లిస్తుంది. ఇది తెలిశాక బెంగాల్ చిత్రకారుడు అబనీంద్రనాథ్ టాగోర్ 'భారతమాత' (1905) వాష్‌ని దీని పక్కన పెట్టి చదవండి. అక్కడ కాగితాన్ని మళ్లీ మళ్లీ నీళ్లలో తడిపి రంగుని ఇంకిస్తారు, ఇక్కడ రంగుని పైన పేరుస్తారు. కారణం, ప్రతిపాదన తరహా ప్రశ్నలకి నాకు బాగా పనికొచ్చింది ఈ తేడానే.

నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ వదలకండి. పేపర్ వన్‌తో కలిపి 150 ప్రశ్నలు, మూడు గంటలే టైం, జతపరచండి దగ్గర ఎక్కువసేపు కూర్చోకండి.